చెరువు కనవడే రూమా, బజారు కనవడే రూమా

హన్మకొండల ఎవరన్నా ఫ్లాట్ చూడవోతే అడిగేటివన్నీ నాకు నోటికొచ్చు: ఈస్ట్ ఫేసింగేనా, బోర్ల నీళ్లున్నయా, లిఫ్ట్ ఉందా, కార్ పార్కింగ్ ఎక్కడ, మెయింటెనెన్స్ ఎంత. కిటికీ తెరిస్తే ఏం కనవడ్తదో అడిగినోళ్లను నేనైతే చూడలే. వాస్తు ప్రకారం తూర్పుకు కిటికీ ఉంటే చాలనుకుంటరు, అది పక్క బిల్డింగోళ్ల బాత్రూం వెంటిలేటర్‌కు ఎదురుంగ ఉన్నా సరే, ఇగ గృహప్రవేశం నాడు వేసిన కర్టెన్ మళ్ల తీసేది లేదు.

నాకైతే ఇది చిన్న విషయం అనిపించదు. పొద్దంత ఇంట్లనే ఉండేటోళ్లకు, ముసలోళ్లకు, బాలింతలకు, మోకాళ్ల నొప్పులతోని మెట్లు దిగలేనోళ్లకు బయటి లోకం అంటే ఆ కిటికే కదా.

మా అత్తమ్మ సంగతే చెప్త. వడ్డేపల్లి చెరువు దిక్కున్న బెడ్రూం ఆమెకిచ్చినం, గాలి మంచిగొస్తది, చుట్టాలొస్తే అందరు అక్కడ్నే నిలవడి ఫోటోలు దిగుతరు. ఆమె మాత్రం పొద్దుగాల చాయ్ తాగంగనే కుర్సీ గుంజుకొని వంటింటి కిటికీ కాడికి పోతది. అక్కడ కనవడేది రెండు బిల్డింగుల సందుల నుంచి ఇంత బజారు ముక్క, ఒక ఇస్త్రీ బండి, సగం వేపచెట్టు. గని ఆ ముక్కలనే కూరగాయల బండి వస్తది, స్కూల్ ఆటో ఆగుతది, ఎదురింటామె వడియాలు పెడ్తది, ఇస్త్రీ ఆయన బొగ్గులు విసురుకుంట ఫోన్ మాట్లాడ్తడు, ఆయన ఒక్కరోజు రాకపోతే జరమొచ్చిందేమో అని ఈమెకు రంది. చెరువు ఎట్లుందత్తమ్మా అంటే "మంచిగనే ఉంది బిడ్డా, గని అదేం మాట్లాడ్తది" అంటది. ఇంకోటేందంటే ఆ రూంల కిటికీ అంచు ఎత్తుగుంది, మంచంల కూసుంటే నీళ్లు కనవడనే కనవడవు, ఉత్త మొగులే.

కిటికీల ముచ్చటొస్తే అందరు చెప్పే పరిశోధన ఒకటుంది, రోజర్ ఉల్రిచ్‌ది, 1984ల సైన్స్ పత్రికల వచ్చింది. అమెరికాల పెన్సిల్వేనియాల ఒక హాస్పిటల్ల పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని 23 జతలు చేసి చూసిండు, జతల ఒకరికి కిటికీల చెట్లు, ఇంకొకరికి ఇటుక గోడ. చెట్లు కనవడ్డోళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికి పోయిండ్రు, గోడ కనవడ్డోళ్లు 8.70 రోజులకు, నొప్పికి గట్టి మందులు గూడ గోడ దిక్కోళ్లకే ఎక్కువ పట్టినయి. దీన్ని పట్టుకొని అందరు పచ్చదనం పచ్చదనం అంటరు, మంచిదే, గని అదే పేపర్ చివర్ల ఆయన ఇంకో మాట రాసిండు: ఒక్క ఇటుక గోడను చూసి కట్టడాలన్నీ ఇంతే అనుకోవద్దు, చాన రోజుల నుంచి ఏం తోచక పడున్నోళ్లకు సందడున్న బజారే ఎక్కువ మేలు చెయ్యొచ్చని. అది చదివినప్పుడు నాకు అత్తమ్మ కుర్సీ ఎందుకు వంటింట్లకు పోతదో సమజైంది.

యూరప్ల బిల్డింగులల్ల పగటి వెలుతురు ఎట్లుండాల్నో చెప్పే ఈఎన్ 17037 అనే స్టాండర్డ్ ఉంది, 2018ల వచ్చింది, అది కిటికీల నుంచి ఆకాశం, మధ్యల ఊరో చెట్లో, కింద నేల అని మూడు పొరలు లెక్కవెడ్తది, ఎదురుంగున్నది కనీసం 6 మీటర్ల దూరమన్న ఉండాలంటది. మన చిన్న ప్లాట్లల్ల ఇటు ఇంటి సెట్‌బ్యాక్ (గోడకు, ప్లాట్ హద్దుకు మధ్యల వదిలే జాగ), అటు ఇంటి సెట్‌బ్యాక్ కలిపినా 6 మీటర్లు ఎక్కడియి? కిటికీకి కిటికీ ఎదురువడ్డ కాడ ఇద్దరు కర్టెన్లేసుకుంటరు, ఇద్దరిండ్లల్ల పట్టపగలు లైట్లేసుకుంటరు.

ఇల్లు కట్టేటోళ్లు, కొనేటోళ్లు ఎవరన్నా ఇది చదివితే, సప్పుడుండదని ముసలోళ్ల రూం వెనక దిక్కు పెట్టేముందు వాళ్లనొక మాట అడుగుండ్రి. ఫ్లాట్ చూడవోతే వాచ్‌మన్‌ను ఒక కుర్సీ అడిగి కిటికీ కాడ కాసేపు కూసోని చూడుండ్రి, నిలవడి కాదు. పక్కకు ఖాళీ ప్లాట్ ఉంటే అది ఎవరిది, ఎప్పుడు కడ్తరు, ఎన్ని ఫ్లోర్లు లేపుతరు అన్నది గూడ అడుగుండ్రి, మొహమాటపడకుండ్రి.