పత్తి ఏరే రోజుల్లో పిల్లల పుస్తకాలయం

పిల్లలకు, కిశోరవయస్కులకు జాతీయ డిజిటల్ గ్రంథాలయం నెలకొల్పుతామని 2023 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన వార్తను, నర్సంపేట దగ్గరి ఒక పల్లెలో ఉపాధ్యాయినిగా ఉన్న నేను కత్తిరించి దాచుకున్నాను. అది నేషనల్ బుక్ ట్రస్ట్ ఆధ్వర్యంలో ‘రాష్ట్రీయ ఇ-పుస్తకాలయ’ పేరుతో వచ్చాక, నిరుడు గ్రంథాలయ వారోత్సవాలలో మా ఆరో తరగతి పిల్లలచేత చదివించాలని పూనుకున్నాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఆ వారోత్సవాలు మా వైపు సరిగ్గా పత్తి ఏరే రోజుల్లో వస్తాయి. ఇంటికున్న ఒక్క ఫోను పెద్దవాళ్లతో చేనుకు పోయి పొద్దుగూకాకే తిరిగి వస్తుంది. ఇల్లిల్లూ తిరిగి ఫోన్లలో ఆ పుస్తకాలయం యాప్ వేయించినా చదివినవారు ముగ్గురే కావడంతో, నా ఫోనును తరగతి గదిలోని తెరకు కలిపి అందరికీ ఒకేసారి చూపించాను.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. అందులో పుస్తకాలను 3–8, 8–11, 11–14, 14–18 ఏళ్లవారికని విభజించారు. నేను వయసు చూసి 11–14 తెరిస్తే సగం మంది కూడబలుక్కుని కూడా చదవలేకపోయారు. చిన్నపిల్లల పుస్తకం తెరిస్తే తలలు వంచుకున్నారు. ఆ సిగ్గు నన్ను చాలా బాధించింది. రెండు రోజులు ఆలోచించి, పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలోని ఒకటో తరగతి పిల్లలకు చదివి వినిపించే బాధ్యత వారికి అప్పగించాను. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వినిపించాలి గనుక, అదే చిన్న పుస్తకాన్ని ఇప్పుడు తలెత్తుకుని పదేపదే సాధన చేశారు.

చివరి రోజు ఒక బాలుడు తడబడకుండా నక్క కథ చదివి, నా వైపు తిరిగి, “టీచర్, ఈ కత మా నాయినమ్మ గూడ చెప్తది, కాని ఆమె కతల నక్కకు బుద్ధి రాదు” అన్నాడు. మరుసటి రోజు చేనుకు వెళ్లే ముందు ఆమెను బడికి పిలిపించాము. గంట మోగినా పిల్లలు లేవలేదు. ఆమె కథ ముగిశాక ఆ బాలుడే లేచి, పుస్తకంలోని ముగింపును నాయనమ్మకు చదివి వినిపించాడు.