పడవ నీదే కదా?

పంపు స్విచ్ నొక్కి రెండు నిమిషాలు కాలేదు, "ఆపు! ఆపేయ్!" అని పక్క పడవలోంచి కేక. డెబ్భై దాటిన మనిషి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా చెక్క వంతెన మీద పరిగెత్తుకొస్తున్నాడు. అడుగున చేరిన నీళ్ళన్నీ తోడేస్తున్నానని నేనేమో సంబరంలో ఉన్నాను. ఆయన వేలు పెట్టి చూపించిన వైపు వంగి చూస్తే, ఆ నీళ్ళతోపాటు బయటికొచ్చిన నూనె, నా పడవ పక్కనుంచి సరస్సు మీదికి తెట్టులా రంగురంగులుగా పాకుతోంది.

నాకు తోచిన మొదటి పని, గిన్నెలు తోమే సబ్బు సీసా పట్టుకురావడం. జిడ్డుకి సబ్బు, ఇందులో ఆలోచించేదేముంది? ఆయన సీసా నా చేతిలోంచి లాగేసుకున్నాడు. "సబ్బు పోస్తే నూనె పోదు, కిందికి దిగుతుంది. పైగా అది ఇంకో నేరం" అన్నాడు. తన పడవలోంచి తెల్లటి గుడ్డల్లాంటివి ఒక కట్ట తెచ్చి తెట్టు మీద పరిచాడు. నీటిని వదిలేసి నూనెను మాత్రమే పీల్చే గుడ్డలవి. ఇద్దరం బోర్లా పడుకుని అరగంటసేపు అద్దుతూనే ఉన్నాం. ఆ తర్వాత కోస్ట్ గార్డ్ నంబరుకి నా చేతే ఫోన్ చేయించాడు. పన్నెండేళ్ళుగా గ్రీన్ కార్డు కోసం క్యూలో ఉన్నవాడికి ఆ ఫోన్ ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. అటువైపు ఆవిడ ఎంత నూనె, ఎక్కడ, ఎలా అని అడిగి రాసుకుని, థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఊపిరి పీల్చుకుని, "ఇలాంటివి బాగుచేసే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, డబ్బులిచ్చి చేయించుకుంటాను" అని అడిగాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ నన్నొకసారి, పడవనొకసారి చూసి, "పడవ నీదే కదా?" అని వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. నూనె గురించి అరిచిన అరుపులు సాయంత్రానికి మర్చిపోయాను గానీ, ఈ ఒక్క ముక్క వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. సియాటెల్ పక్కన రెడ్‌మండ్‌లో నేను చేసే ఉద్యోగమే అది మరి. ప్రోగ్రామ్ మేనేజర్ని. ప్రతి మీటింగులోనూ "దీనికి ఓనర్ ఎవరు?" అని అడగడం, పేరు రాసుకోవడం, శుక్రవారం ఫాలో అప్ చెయ్యడం. పన్నెండేళ్ళుగా ఓనర్లని వెతికి పెడుతున్నవాణ్ణి, నా వస్తువు దగ్గరికొచ్చేసరికి దిక్కులు చూశాను.

అసలు కొన్నది కూడా అలాగే. 1978 నాటి కాటలీనా 27. ఇరవై ఏడడుగుల తెరచాప పడవ. పద్దెనిమిది వందల డాలర్లు. అంతకుముందు పడవ కొన్న పాపాన పోలేదు. సియాటెల్ వానలకి డెక్కంతా ఆకుపచ్చగా నాచు పట్టి ఉంది, తాళ్ళు పట్టుకుంటే గరుగ్గా చేతికొస్తున్నాయి. అయినా అమ్మినాయన ముఖంలో ఆ తొందర ఎందుకో నాకు తట్టలేదు. ఇక్కడ పాడుబడ్డ పడవల్ని రాష్ట్ర ప్రభుత్వమే స్వాధీనం చేసుకుని తొలగించడానికి 2002లో చట్టం తెచ్చారు. ఆ ఖర్చు ఓనర్ నెత్తిన పడుతుంది. అందుకే మునిగేలోగా ఎవడో ఒకడి పేరున మార్చేస్తే చాలనుకునేవాళ్ళుంటారు. ఆ ఎవడో ఒకణ్ణి నేనే. తెడ్లు, లైఫ్ జాకెట్లు, స్టవ్వు అన్నీ ఊరికే ఇచ్చేస్తుంటే ఎంత మంచివాడో అనుకున్నాను.

సర్వేయర్‌ని పెట్టుకుంటే ఆరు వందలవుతుందని మానేశాను. సర్వేయర్ చేసే పని ఏమిటంటే, చిన్న సుత్తితో డెక్కంతా తట్టుకుంటూ వెళ్ళడం. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉంటుంది. పొడిగా ఉంటే ఠంగుమంటుంది, నీళ్ళు దిగి కుళ్ళితే దబ్బుమంటుంది. కోనసీమలో పుట్టి, కొబ్బరికాయ కూడా తట్టి చూడకుండా కొనని ఇంట్లో పెరిగి, పడవ మాత్రం తట్టకుండా కొన్నాను. కొన్నాక తట్టాను. తెరచాప స్తంభం చుట్టూ రెండడుగుల మేర దబ్బు.

ఇక నూనె సంగతి. ఒప్పుకుంటాను, తప్పు నాదే. కానీ ఒకటి చెప్పాలి. నరసాపురం రేవులో పంటు దిగుతూ ఆ రంగుల తెట్టు చూడని రోజు లేదు నా చిన్నప్పుడు. నీళ్ళల్లో హరివిల్లు పడిందని వేలితో కదిపి ఆడుకునేవాళ్ళం. సరంగు గానీ, పక్కన గుడ్డలుతికే ఆడవాళ్ళు గానీ ఎవరూ పరిగెత్తుకు రాలేదు. గోదావరికి దణ్ణం పెట్టి నాణెం వేసేవాళ్ళే అందరూ, ఇదొక నేరమని చెప్పినవాళ్ళు లేరు. అలాంటి చోటునుంచి వచ్చినవాడిమీద అలా అరవడం ఏమిటని రోషం వచ్చింది.

రోషంతో కాస్త చదివాను కూడా. ఈ వాషింగ్టన్ సరస్సు ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఏం లేదు. 1950ల్లో చుట్టుపక్కల ఊళ్ళ మురుగంతా ఇందులోకే వదిలేవాళ్ళు. నీళ్ళు నాచుతో చిక్కబడి కంపుకొట్టాయి. 1958లో జనం ఓట్లేసి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టుకుంటే, మురుగంతా మళ్ళించేసరికి 1968 అయింది. అంటే పదేళ్ళు. వీళ్ళూ ఒకప్పుడు మనలాంటివాళ్ళేనని ముసలాయనకి చెప్పాలని, తర్వాతి శనివారం ఆ లెక్కలన్నీ నోటికి పట్టుకుని వెళ్ళాను. ఆయన కాఫీ కలుపుతూ అంతా విని, "ఈత నేర్చుకుంది ఆ మురుగులోనే. చెవుల్లో చీము పట్టి ఒక వేసవంతా స్కూలు బ్యాండులో వాయించలేకపోయాను" అన్నాడు. నా వాదన అక్కడితో చల్లబడిపోయింది. కాఫీ మాత్రం తాగాను.

ఆ తర్వాత పడవ బాగుచేసే పనులు ఆయన చూపించాడు, నేను చేశాను. ఆయన మాత్రం చెయ్యి పెట్టలేదు, ఒక్కసారి కూడా. అదే నాకు మింగుడుపడలేదు. మన దగ్గరైతే తెలిసినవాడు "నువ్వు జరుగు బాబూ" అని చేసేస్తాడు, మనం పక్కన నిలబడి టీ తెప్పిస్తాం. అందులో తప్పేముంది? ఒక మనిషికి పని దొరుకుతుంది, పని బాగా జరుగుతుంది. ఇక్కడ గంటకి నూట యాభై డాలర్లు అడుగుతారు కాబట్టి వీళ్ళు అన్నీ సొంతంగా చేసుకుని దాన్నొక గొప్పగా చెప్పుకుంటారని మా ఆవిడతో వాదించాను. "అయితే ఆ నూట యాభై ఇచ్చి చేయించుకోండి మరి" అంది. అంత ఇచ్చే స్తోమత ఉంటే ఈ పడవెందుకు కొంటాను?

పడవల మేస్త్రి ఒకాయన ఉండేవాడు మా రేవులో. ఒడ్డుకు లాగిన నావ పక్కన గొంతుక్కూర్చుని, పలకల సందుల్లో నార కుక్కి, పైన గుగ్గిలం మెత్తేవాడు. వేసవి సెలవుల్లో గంటలకొద్దీ చూసేవాణ్ణి. ఉలి వెనక సుత్తి పడే వరస, పలక పలికే తీరు, అన్నీ గుర్తే. ఒకసారి నార పట్టుకోబోతే, పంటు దిగి వస్తున్న నాన్న దూరంనుంచే "ఒరేయ్, ఇలా రా" అని పిలిచాడు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు బడిలో టీచరు మా నాన్న. తిట్టలేదు. చెయ్యి కడుక్కుని రమ్మన్నాడు. ఆ మేస్త్రి మా అరుగు మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళలో దాని గురించి ఆలోచించిందీ లేదు.

ఏప్రిల్‌లో యార్డులో పడవని పైకెత్తించి ఇరుసు దగ్గర ప్యాకింగ్ మార్చాను. ఇంజను నుంచి ఫ్యాను దాకా వెళ్ళే ఇరుసు పడవ గోడని చీల్చుకుని బయటికి పోతుంది కదా, ఆ బొక్కలోంచి నీళ్ళు రాకుండా ఆపేది ఏదో పెద్ద యంత్రమనుకున్నాను. జిడ్డు పట్టించిన నార! అవిసె నార అట. పాతది మేకులా గట్టిపడి ఉంది, కొక్కెంతో తిప్పి తిప్పి ముక్కలుగా లాగాను. కొత్తది ఇరుసు చుట్టూ చుట్టి, కొలిచి, ఉంగరాల్లా కోసి, ఒకదాని అతుకు మీద ఇంకొకదాని అతుకు రాకుండా తిప్పి కుక్కాలి. మూడో ఉంగరం దూరడానికి పట్టిన గంటన్నరలో ఆ ఇరుకులో మెడ పట్టేసింది. గోళ్ళ సందుల్లో నలుపు సోమవారం మీటింగుకీ వదల్లేదు.

అంతా అయ్యాక కూడా ఒక చుక్క కారుతోందని పడవ దింపగానే గాభరా పడ్డాను. అది కారాలట. ఇరుసు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడితేనే నార వేడెక్కకుండా ఉంటుంది. ఇరుసు ఆగితే చుక్కలూ ఆగిపోవాలి.

ఇంకా బాలర్డ్ లాకులు దాటి సముద్రం వైపు వెళ్ళింది లేదు. 1917 నాటి లాకులు, మన విజ్జేశ్వరం లాకుల్లాంటివే, సముద్రం పోటుని బట్టి ఇరవై ఆరు అడుగుల దాకా దింపుతాయి. డెక్కు పని అయ్యాకే అటు. మొన్న ఆదివారం పెట్రోలు ఆవిరి పోవడానికి నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పి, ఇంజను వేసి, టార్చి పట్టుకుని ఇరుసు ముందు పడుకుని ఉండగా నాన్న వీడియో కాల్ చేశాడు. ఫోన్ ఆనించి పెట్టి ఎత్తాను. చీకట్లో నా ముఖం ఆనలేదేమో, చేతులే చూసినట్టున్నాడు.

"ఏంట్రా ఆ చేతులు? మనిషి దొరకలేదా?"

"ఒక్క నిమిషం నాన్నా, చుక్కలు లెక్కపెడుతున్నా" అన్నాను.