ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి మిషన్: నా అనుభవం

మా ఫ్రిజ్ చాకుపోటుకు పోయింది. ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసును ఎవరో చాకు మొనతో పెకలించబోయారు, ప్లేటుకు చిల్లి పడింది, బుస్సుమని గ్యాసంతా పోయింది. అమ్మ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ మావాడి వైపు చూసింది. వాడు టీవీ వైపు చూశాడు. ఎవరి పని అన్నది ఇప్పటికీ తేలలేదు.

మా వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే బాబాయ్ వచ్చి చూసి, "అతుకు వేస్తానురా అబ్బాయ్, గానీ నెలకో రెండు నెలలకో మళ్ళీ నా దగ్గరికే వస్తావు. కంప్రెసర్ మాత్రం రాయిలా ఉంది" అన్నాడు. పాత సామాన్లవాడు మొత్తానికి తొమ్మిది వందలిస్తానన్నాడు. కంప్రెసర్ గురించి బాబాయ్ అన్న ఆ చివరి మాట చెవిలో పడ్డాక ఇవ్వబుద్ధి కాలేదు.

నాకు గాలి అవసరం చాలా రోజులుగా ఉంది. తెనాలిలో మా పెరట్లో రేకుల షెడ్డు కింద నాన్న వాడిన చేతక్ స్కూటర్ ఉంది. ఆదివారం వస్తే దాన్ని విప్పడం, బిగించడం నా పని. కార్బొరేటర్ జెట్‌లో నలుసు ఇరుక్కున్న ప్రతిసారీ దాన్ని గుడ్డలో కట్టుకుని పంక్చర్ షాపుకి పరుగెత్తాలి. నోటితో ఊదితే పోయే నలుసులు కావవి. షాపతను మొదట్లో నవ్వేవాడు, తర్వాత్తర్వాత నన్ను చూడగానే వేరే పని చూసుకోవడం మొదలెట్టాడు.

ముందు ఒక మాట. కంప్రెసర్ మీద స్టిక్కర్ చదవకుండా పైపు మీద చెయ్యి వెయ్యకండి. మాది పాత ఫ్రిజ్, ఆర్134ఎ గ్యాసు, అదీ ఎప్పుడో పోయింది. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఎ ఉంటోంది. అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసుకి దగ్గర చుట్టం. పసుపు త్రికోణంలో మంట బొమ్మ కనిపిస్తే అక్కడ పైపులు అతికే గ్యాస్ టార్చి వెలిగించకూడదు. పైపుల్ని బాబాయ్ రంపంతో కాక కట్టరుతో కోశాడు. రంపం పొట్టు లోపల పడితే పిస్టన్ పని అయిపోతుందట.

కోశాక చేతిలో మిగిలింది నల్లటి ఇనప గుండు, దానికి మూడు రాగి గొట్టాలు. సన్నగా ఉన్నది గాలి బయటికి తోసేది. మిగతా రెండూ గుండులోకే తెరుచుకుంటాయి. వాటిలో గ్యాసు ఎక్కించే గొట్టాన్ని నొక్కేసి అతికేశాం. పీల్చే గొట్టానికి బండ్లకు వాడే పెట్రోల్ ఫిల్టర్ ఒకటి తగిలించాం.

పక్కన మూడు పిన్నులుంటాయి. ఏది ఏదో పైకి రాసి ఉండదు. మల్టీమీటర్ పెట్టి రెండేసి పిన్నుల మధ్య కొలిస్తే నాకు 14, 22, 36 ఓములు వచ్చాయి. 14, 22 కలిపితే 36 కదా. 36 వచ్చిన జంటలో లేని మూడో పిన్ను కామన్. దాని నుంచి తక్కువ వచ్చినది రన్నింగు, ఎక్కువ వచ్చినది స్టార్టింగు. బాబాయ్ మీటరు లేకుండానే చెప్పేశాడు, గానీ నేను కొలిచాకే నమ్మాను. ఏ పిన్నుకూ గుండుకూ మధ్య కరెంటు దారి లేదని చూసుకుని, మోటారును లేపే పాత రిలే, ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే పాత ఓవర్‌లోడ్ వాటి స్థానంలోనే పెట్టి, గుండుకు ఎర్త్ వైరు బిగించి స్విచ్ వేశాను. సన్నగొట్టం మీద బొటనవేలు పెట్టి ఎంత నొక్కినా ఆగలేదు, పక్కనుంచి చీల్చుకుని వచ్చేసింది గాలి. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాకు.

తర్వాత ట్యాంకు. ఖాళీ వంటగ్యాస్ సిలిండరు వాడేవాళ్ళున్నారు, నాకూ ఇద్దరు ముగ్గురు అదే సలహా ఇచ్చారు. ఆ సిలిండరు మనది కాదు, డిపాజిట్ కట్టి తెచ్చుకున్నది, సొత్తు కంపెనీది. పైగా అందులో మిగిలిన గ్యాసుతో దానికి వెల్డింగ్ పెట్టడమంటే అంతకంటే తెలివితక్కువ పని ఉండదు. లారీలకు బ్రేకుల గాలి పట్టే ట్యాంకు ఉంటుంది కదా, ఎనిమిది బార్ ప్రెషర్ దాకా పట్టేలా చేసిందే అది. దానికోసం విజయవాడ వెళ్ళాను.

ఆటోనగర్‌లో ఒక మనిషి ఒక రోజులో చూడలేనంత పాత సామాను ఉంటుంది. గేర్‌బాక్సులొక వీధి, కమ్మీలొక వీధి. మూడో కొట్టులో నాకు కావలసినంత, ఇరవై లీటర్ల ట్యాంకు దొరికింది. కొట్టాయన లోపల టార్చిలైటు వేసి చూపించి, "తుప్పు లేదు సార్, మీరే చూసుకోండి" అన్నాడు. ఉంది, కొద్దిగా. సుత్తి పిడితో చుట్టూ తట్టి చూశాను, ఎక్కడా మొద్దు చప్పుడు రాలేదు. పదకొండు వందలన్నది ఎనిమిది వందలకిచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెనాలి పాసింజర్‌లో కూర్చుంటే ఎదురుగా ఉన్న పెద్దాయన దుగ్గిరాల దాటేదాకా ఆగి, చివరికి "బాంబు కాదు గదా బాబూ" అని అడిగేశాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. గాలి నింపిన పాత ట్యాంకు పగిలితే బాంబే. అందుకే మొదట గాలితో కాదు, నీళ్ళతో పరీక్షించాలి. నీళ్ళు కుదించుకుపోవు కాబట్టి ట్యాంకు చిట్లినా చుక్క కారి ఊరుకుంటుంది, ముక్కలు ఎగరవు. ప్లంబర్లు కొత్త ఇళ్ళ పైపులైన్లు పరీక్షించడానికి చేతి పంపు ఒకటి వాడతారు. మా ప్లంబర్‌ని బతిమాలి దాన్ని ఒక పూట తెచ్చుకున్నాను. బుడగ లేకుండా నిండా నీళ్ళు నింపి 180 పీఎస్‌ఐ (అంటే పన్నెండు బార్ పైమాటే) దాకా కొట్టి, భోజనం చేసి వచ్చి చూశాను. ముల్లు కదల్లేదు. నేను వాడబోయేది 90, సేఫ్టీ వాల్వు తెరుచుకునేది 120. ఈ పరీక్ష దాటని ట్యాంకును ఎంత చవగ్గా వచ్చినా వాడొద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అన్నీ బిగించి స్విచ్ వేస్తే 40 దాకా చక్కగా ఎక్కింది. ముచ్చటపడి ఆపి, మా ఆవిణ్ణి పిలిచి, మళ్ళీ వేశాను. మూలిగింది. టిక్‌మని ఆగింది. రెండు నిమిషాలకు మళ్ళీ మూలుగు, మళ్ళీ టిక్. "ఇదేనా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కంప్రెసర్ కాలిపోయిందనుకున్నాను. వాల్వు తెరిచి గాలంతా వదిలేస్తే ఏమీ ఎరగనట్టు తిరిగింది. మర్నాడు బాబాయ్‌కి చెప్తే నవ్వి, "కరెంటు పోయొచ్చాక ఫ్రిజ్ వెంటనే వెయ్యొద్దని ఎందుకంటారురా? స్టెబిలైజర్‌లో మూడు నిమిషాల టైమర్ ఎందుకు పెట్టారు?" అన్నాడు. అప్పుడు వెలిగింది. ఫ్రిజ్ ఆగగానే లోపలి సన్నటి కాపిలరీ గొట్టంలోంచి గ్యాసు మెల్లగా జారి రెండు వైపులా ప్రెషర్ సమానమవుతుంది. ఈ మోటారు ఎప్పుడు లేచినా ఎదురు లేకుండా లేవడం అలవాటు. నేనేమో 40 పీఎస్‌ఐ నెత్తిన పెట్టి లేవమంటున్నాను.

ఆ రోజు నుంచి నా ఆలోచన తీరే మారింది. ఏది తేడా చేసినా, ఫ్రిజ్‌లో దీనికి ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు అని అడగడం మొదలెట్టాను.

నేను పెట్టింది నీళ్ళ మోటార్ల ప్రెషర్ స్విచ్. గాలి కంప్రెసర్లకు వేరే స్విచ్ వస్తుంది, దాని పక్కన చిన్న వాల్వు ఉంటుంది. మోటారు ఆగగానే ఆ వాల్వు నొక్కుకుని, ట్యాంకు ముందున్న పైపులో చిక్కుకున్న గాలిని చుస్‌మని వదిలేస్తుంది. ట్యాంకులో గాలి వెనక్కి రాకుండా ఎన్‌ఆర్‌వీ, అంటే ఒకవైపే పోనిచ్చే వాల్వు, అడ్డుకుంటుంది. పంక్చర్ షాపుల్లో మిషన్ ఆగినప్పుడల్లా వినిపించే చుస్ అదే, ఇన్నేళ్ళూ లీకనుకున్నాను. ఆ స్విచ్, పక్క రంధ్రమున్న ఎన్‌ఆర్‌వీ, రెండూ కలిపి తొమ్మిది వందలయ్యాయి. 60కి మొదలు, 90కి ఆగడం అని పెట్టాను. ఇప్పటివరకూ ఒక్కసారి కూడా మూలగలేదు.

తర్వాతి గొడవ నూనె. నాజిల్ ముందు తెల్లకాగితం పెట్టి గాలి కొడితే పకోడీల పొట్లంలా మచ్చలు పడ్డాయి. ఫ్రిజ్‌లో గ్యాసుతో పాటు వెళ్ళిన నూనె చుట్టూ తిరిగి మళ్ళీ గుండులోకే వస్తుంది. ఇక్కడ వెళ్ళిందే గాని రావడం లేదు. ఫ్రిజ్ వెనక నల్లటి జల్లెడలా ఉండే కండెన్సర్‌ను పారేయబోయి ఆగాను. గాలిని ముందు అందులోంచి పంపితే చల్లబడుతుంది. ఎండాకాలంలో 90 కంటే చాలా ఎక్కువ ప్రెషరే భరించిన గొట్టం అది. దాని తర్వాత రెండంగుళాల ఇనప పైపు అడుగు ముక్క నిలువుగా పెట్టించి, రెండు వైపులా మూతలు వెల్డింగ్ చేయించి, లోపల అంట్లు తోమే స్టీలు పీచు కుక్కాను. దాన్నీ నీళ్ళ పరీక్షకు పెట్టాకే బిగించాను. పీచుకు తగిలి నూనె కిందికి దిగుతుంది, అడుగున కాక్ తిప్పితే వస్తుంది. గుండుకు నూనె చూసే పుల్ల ఉండదు కాబట్టి, కిందికొచ్చిన నూనెను సిరంజితో కొలిచి అంతే కొత్తది పీల్చే గొట్టంలో పోస్తున్నాను. మొదట్లోనే పాత నూనెంతా ఒంపేసి, ఒంపినంత కంప్రెసర్ ఆయిల్ పోశాం. ఆర్134ఎ గుండుల్లో సాధారణంగా ఉండే నూనె గాల్లో తేమను పీల్చుకునే రకం.

మూడోది వేడి. ఫ్రిజ్‌లో చల్లటి గ్యాసు తిరిగొస్తూ మోటారును చల్లబరిచేది. మా షెడ్డులో మే నెల మధ్యాహ్నం అది పీల్చేది సెగ. పాత కంప్యూటర్‌లో ఫ్యాను ఒకటి ఎదురుగా పెట్టి, ట్యాంకు ఒకసారి నిండాక కాసేపు ఆపేస్తున్నాను.

నిండడానికి ఎంతసేపంటారా? ఖాళీ ట్యాంకు 90కి పదకొండు నిమిషాలు. 90 పీఎస్‌ఐ దాదాపు ఆరు బార్. ఇరవై లీటర్లలో ఆరు బార్ అంటే పైన దాదాపు నూట ఇరవై లీటర్ల గాలి కూరాలి. అంటే నిమిషానికి పదకొండు లీటర్లు. జెట్లు ఊదడానికి, స్కూటర్ టైర్లకు, చెయిన్ల మట్టి దులపడానికి ఇది బ్రహ్మాండం. శబ్దం కూడా ఫ్రిజ్ శబ్దమే, పక్కింటివాళ్ళకు వినపడదు. పెయింటింగ్ మాత్రం మరిచిపోండి. ఆశకొద్దీ చేతక్ సైడు డోరుకు గన్ను పట్టాను. పావువంతు కొట్టేసరికి గాలి అయిపోయింది, కొట్టినంత మేరా నూనె తుంపర్లకు పెయింటు విడిపోయి సన్నటి గుంటలు లేచాయి. గీకించి, బయట పెయింటరుకిచ్చాను.

మొత్తం ఖర్చు మూడు వేల వంద, తొమ్మిది ఆదివారాలు. ఇంకొంచెం వేసుకుంటే కొత్త చిన్న మిషనే వచ్చేదని మా ఆవిడ అంటుంది. లెక్కలో ఆవిడదే నిజం.

ఇది చూసి మా బావమరిది పాడైన మైక్రోవేవ్ పట్టుకొచ్చాడు, ట్రాన్స్‌ఫార్మర్‌తో స్పాట్ వెల్డింగ్ చేద్దాం బావా అని. దానిలో కెపాసిటర్ ప్లగ్గు పీకేశాక కూడా రెండు వేల వోల్టులు దాచుకోగలదు. మీద చెయ్యి వెయ్యనన్నాను. మిక్సీ మోటారుకు సాన రాయి బిగించమన్నా అదే జవాబు. నిమిషానికి నాలుగు వేల చుట్ల రాయిని పద్దెనిమిది వేలు తిప్పితే ముక్కలు ముఖానికే వస్తాయి.

ఒక లీకు మాత్రం ఇంకా దొరకలేదు. రాత్రి 90 మీద ఆపితే పొద్దునకి 70 చూపిస్తోంది. సబ్బు నురగ ప్రతి జాయింటుకూ పూశాను, ఎక్కడా బుడగ లేదు. గేజి కింద టీ ఆకారపు జాయింటు మీద అనుమానం. వచ్చే ఆదివారం టెఫ్లాన్ టేపు తీసి మళ్ళీ చుట్టాలి.