6-1-23 ఇంటి నంబరా, జనవరి 6వ తేదీనా?

మా ఊరి ఇళ్ల నంబర్ల పట్టిక తయారు చేస్తుంటే, నంబర్లున్న ఈ ఒక్క కాలమ్ మీదనే రెండు ఆదివారాలు పోయాయి. మన దగ్గర 6-1-23 అంటే వార్డు 6, బ్లాకు 1, ఇల్లు 23. మా లాప్‌టాప్‌లో ఉన్న స్ప్రెడ్‌షీట్‌కు మాత్రం అది 06-01-2023.

ఎవరైనా వివరాలు ఎక్కించగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో హనుమకొండలోని బాలసముద్రం, కుమార్‌పల్లి మీదుగా ఒక బాక్స్ గీసి, ఆ మ్యాప్ నుంచి కావలసినవి వెతికి తీసే ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్‌సైట్‌తో, ఇంటి నంబరు (హౌస్‌నంబర్ ట్యాగ్) ఉన్నవన్నీ సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా దింపాను. అందులో చాలావరకు నేనూ మా సోపతీ పొద్దున నడకకు పోయినప్పుడు ఎవ్రీ డోర్ యాప్‌తో గేట్ల మీది నంబర్లు చూసి ఎక్కించినవే. ఇలాంటి తిరుగుడుకు అంతకంటే మంచి యాప్ నాకైతే దొరకలేదు. ఇంతకుముందు దింపినప్పుడు బిల్డింగులకు అక్షాంశ రేఖాంశాలు ఖాళీగా వచ్చాయి, ఈసారి క్వెరీలో (ఏం కావాలో రాసే ఆదేశంలో) బిల్డింగు నడిమి బిందువును ఇమ్మనే 'ఔట్ సెంటర్' పెడితే వచ్చేశాయి. మొత్తం 412 వరుసలు.

ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 187 వరుసలు తేదీలై కూర్చున్నాయి. 6-1-72 ఏమో 06-01-1972 అయింది. ముందు సోపతినే అనుమానించాను, ఫోన్‌లో తప్పు పెట్టెలో కొట్టాడేమోనని. మ్యాప్‌లో చూస్తే అన్నీ సక్కగానే ఉన్నాయి. తర్వాత క్వెరీని అనుమానించాను. అదే సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 6-1-23 అని నిక్షేపంగా ఉంది. అంటే ఆగమాగం చేస్తున్నది తెరిచే చోటే.

సరే, కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా మారిస్తే పోతుందనుకున్నా. 6-1-23 కాస్తా 44932 అని వచ్చింది! 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య అది, 6-1-72 ఏమో 26304. నంబర్ల చుట్టూ కోట్స్ పెట్టి చూశా, పట్టించుకోలేదు. ముందు అపాస్ట్రఫీ (') పెడితే తేదీ కాలేదు గానీ ఆ గుర్తు ప్రతి నంబరు ముందూ అట్లాగే కనబడుతోంది.

ఏవి బతికాయో చూస్తే కథ అర్థమైంది. నడిమి అంకె 12 దాటినవి బతికాయి, 14వ నెల లేదు కాబట్టి. 6-1-23/1 లాగా బై నంబర్లన్నీ బతికాయి. మూడో భాగం వంద దాటినవీ బతికాయి. పాత ఇళ్ల మధ్య గోడ కట్టి అన్నదమ్ములు పంచుకుని బై నంబర్లు తెచ్చుకున్నందుకు ఇన్నాళ్లకు నాకు లాభం కలిగింది.

తేదీలను ఫార్ములాతో వెనక్కి తిప్పుదామని కూర్చున్నా. చాలావరకు తిరిగాయి. చిక్కల్లా రెండు భాగాలే ఉన్న 6-12 లాంటి నంబర్లతో. వాటికి అది తనంతట తానే ఈ సంవత్సరాన్ని తగిలించింది. తిప్పితే మూడు భాగాల ఇల్లు అవుతోంది, అలాంటి ఇల్లు నిజంగానే ఇంకోటి ఉంటే ఏది ఏదో ఎవరు చెప్తారు? పైగా ఒకసారి సేవ్ కొట్టేశాను, అసలు ఫైల్ మీదనే. మళ్లీ దింపుకోవాల్సి వచ్చింది.

చివరికి ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. సీఎస్‌వీ తెరిచేటప్పుడే ఒక కిటికీ వస్తుంది, అందులో ఆ కాలమ్‌ను నొక్కి 'టెక్స్ట్' అని పెడితే చాలు. 412కు 412 సరిగ్గా వచ్చాయి. డబుల్ క్లిక్ అలవాటు మానుకోవాలి, అంతే. తెరిచాక మార్చడం దండగ, అప్పటికే పని అయిపోయి ఉంటుంది.

ఇక వీధి పేర్ల కాలమ్ దాదాపు ఖాళీ. మన దగ్గర వీధి పేరు ఎవరు చెప్తారు, 'గుడి ఎదురు సందు' అంటారు గానీ. అందుకే తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా కోడ్‌ను ప్రతి వరుసకూ కలపాలనుకుంటున్నా. దాదాపు 4 మీటర్ల గడికి ఒక 10 అక్షరాల కోడ్, అక్షాంశ రేఖాంశాల నుంచే లెక్కకట్టొచ్చు. అది అయ్యాక కాజీపేట వైపు, 506003 పిన్‌కోడ్‌లోకి పోదాం అంటున్నాడు సోపతి. అక్కడ రైల్వే క్వార్టర్ల నంబర్లు వేరే రకమట, అవి ఏ తేదీలవుతాయో చూడాలి.