నాన్న రీహాబ్‌లో ఉన్నప్పుడు నర్సింగ్‌లో నేను గమనించినవి

పక్షవాతంతో నాన్నకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే, ఆహారం పోసే గొట్టం), యూరిన్ బ్యాగుతోనే ఆసుపత్రి నుంచి హైదరాబాద్‌లో ఒక రీహాబ్ సెంటర్‌కు, అంటే పేషెంటు కోలుకునేలా ఫిజియో, నర్సింగ్ చేసే చోటికి మార్చాం. అలాంటి చోట అందరూ ముందు అడిగేది ఫిజియో రోజుకు ఎన్ని గంటలని. ఫిజియో రెండు గంటలే అయితే మిగిలిన 22 గంటలూ నర్సింగే. అందుకే నేను రాత్రి డ్యూటీ గురించి అడిగాను: ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది ఉంటారు, వాళ్లలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవాళ్లెందరు, అటెండర్లెందరు? యూనిఫాం కనిపిస్తే చాలు, మనం సిస్టర్ అనే పిలుస్తాం. కానీ ఇన్సులిన్, ట్యూబు ఫీడ్, డ్రెస్సింగ్ నర్సు చెయ్యాల్సిన పనులు.

తనంతట కదలలేని మనిషికి ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు రాకుండా మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. చార్టులో రాత్రి 12, 2, 4, 6 అని ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టుంటే నమ్మబుద్ధి కాదు. చార్టు కన్నా ఒళ్లు చూసుకోవడం మేలు: నడుము కింది ఎముక, తుంటి పక్కలు, మడమలు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం తెల్లబడాలి. నొక్కినా ఎరుపు పోలేదంటే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి ఆ చోటు వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. అక్కడ స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి గట్టిగా రుద్దే పాత అలవాటు ఇంకా పోలేదు. దానివల్ల చర్మం ఎండుతుంది, అప్పటికే నలిగిన కండ మరింత నలుగుతుంది. మడమకైతే పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా చూస్తే చాలు.

ఎయిర్‌బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉందిగా అని తిప్పడం మానేస్తారు, అది తప్పు. పంపు నాబ్ మనిషి బరువుకు తగ్గట్టు పెట్టాలి. పైన దుప్పట్లు మడతలేసి పరిస్తే ఆ బెడ్ వల్ల లాభం తగ్గిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ కోసం పంపు ప్లగ్గు పీకేసేవాళ్లూ ఉంటారు, వాళ్లలో మన చుట్టాలే ఎక్కువ!

ట్యూబు ఫీడ్ దగ్గరే అసలు ప్రమాదం. ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు జరగలేదని చూసి, తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, సిరంజి పిస్టన్ తీసేసి, ఫీడ్ దానంతటదే దిగేలా పోయాలి. ముందూ వెనకా సుమారు 30 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే ట్యూబు మూసుకుపోదు. ఫీడ్ అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట అలాగే కూర్చోబెట్టాలి. తొందరలో జరిగే పొరపాటు ఏంటంటే, ఫీడ్ ఇచ్చిన వెంటనే డైపర్ కోసం వెల్లకిలా పడుకోబెట్టడం. పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. డైపర్ ముందు, ఫీడ్ తర్వాత అని డ్యూటీ సిస్టర్‌తో చార్టులో రాయించాను. నోటితో తినకపోయినా పళ్లు, నాలుక రోజూ శుభ్రం చెయ్యాల్సిందే. నోట్లో పేరుకున్న క్రిములు కూడా ఊపిరితిత్తుల్లోకే దిగుతాయి.

వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు యూరిన్ బ్యాగు ఒళ్లో పెడితే మూత్రం వెనక్కి పోతుంది. అది మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని గానీ చంకలో చెయ్యేసి గానీ లేపితే భుజం కీలు జారొచ్చు. వీల్‌చైర్ బాగున్న వైపు, అంటే నాన్నకు ఎడమ పక్కన పెట్టి, బ్రేకులు వేసి, నడుము దగ్గర బెల్టు పట్టుకుని లేపాలి.

ఏదైనా చెప్పాలంటే డ్యూటీ మారే వేళ, హ్యాండోవర్ (దిగే సిస్టర్ ఎక్కే సిస్టర్‌కు పేషెంటును అప్పగించడం) మంచం దగ్గర జరుగుతుండగా ఇన్‌ఛార్జి సిస్టర్‌కే చెప్పేవాణ్ణి. “సరిగ్గా చూడట్లేదు” అంటే గొడవగా మారుతుంది. “ఎడమ మడమ ఎర్రగా ఉంది, ఒకసారి చూడండి సిస్టర్” అంటే పని జరుగుతుంది.

డిశ్చార్జికి ముందు ఫీడ్, తిప్పడం, వీల్‌చైర్‌లోకి మార్చడం నర్సు చూస్తుండగా మా చేతులతోనే చేశాం. ట్యూబు, క్యాథెటర్ (మూత్రం గొట్టం) మార్చాల్సిన తేదీలు, ట్యూబు ఊడితే ఇంట్లో మళ్లీ వెయ్యకుండా ఎవరికి ఫోన్ చెయ్యాలో డిశ్చార్జి సమ్మరీ మీదే రాయించుకున్నాం.