పైకి లేవని మెట్టు

మన బడి చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం ఒకటుండేది, గుర్తుందా? అందరం దాన్ని ఆర్గన్ అనేవాళ్లం. ఎనిమిదో తరగతిలో దాని పక్కన నిలబడే ఉద్యోగం నాది. మధ్యలో ఒక మెట్టు నొక్కితే మళ్లీ పైకి లేచేది కాదు. మాస్టారు వాయిస్తుంటే, అది దిగబడినప్పుడల్లా నేను గోటితో పైకి లాగాలి. కాస్త ఆలస్యమైతే కీర్తన మొత్తం ఆ ఒక్క స్వరమే కుయ్యోమంటూ ఉండేది. ఆదివారం వస్తోందంటే నాకు టెన్షన్.

గొట్టాల్లోకి గాలి వెళ్లి మోగే అసలైన పైప్ ఆర్గన్‌ని చూసింది చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగానికి ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ వచ్చాక. దగ్గర్లో ట్యూక్స్‌బరీ అనే చిన్న ఊరు, ఊరికి మించిన పెద్ద చర్చి. అందులోదాన్ని మిల్టన్ ఆర్గన్ అంటారు. మన ఇంగ్లీషు మాస్టారు బట్టీ పట్టించిన ఆ కవి మిల్టనే.

దాని పుట్టిల్లు కూడా చదువుల చోటే. 1631లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లిన్ కాలేజీ కోసం రాబర్ట్ డాలమ్ చేశాడు. తర్వాత రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం. చర్చిల్లో ఆర్గన్లు ఉండకూడదని 1644లో పార్లమెంటు ఆజ్ఞ. ఎన్నిటినో విరగ్గొట్టారు. దీన్ని మాత్రం, రాజు పోయాక దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ 1654లో తానుండే హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌కు తెప్పించుకున్నాడు. గుడిలో పనికిరానిది ఇంట్లో పనికొచ్చిందన్నమాట! ఆయన కొలువులో ఉన్న మిల్టన్ అక్కడే దీన్ని వాయించాడంటారు. అప్పటికి ఆయనకు చూపు లేదు. రుజువేమీ లేదు గానీ పేరు మాత్రం నిలిచిపోయింది. రాజరికం తిరిగొచ్చాక ఆర్గన్ మళ్లీ కాలేజీకి చేరింది, 1737లో అక్కడినుంచి ట్యూక్స్‌బరీకి అమ్ముడుపోయింది.

ఇప్పుడున్నదంతా డాలమ్ చేతిపని కాదు. 1690లో రెనాటస్ హారిస్ మార్చాడు, 1997లో కెనెత్ జోన్స్ మళ్లీ కట్టాడు. పాత ఇంటికి కొత్త దూలాలు వేసుకుంటూ వచ్చినట్టు. అదే చర్చిలో ఇంకో పెద్ద ఆర్గన్ ఉంది, 1885లో లండన్ ఎగ్జిబిషన్ కోసం చేసింది. అదీ వలసొచ్చిందే.

ఇంత పెద్ద వాద్యానికీ జలుబు చేస్తుంది. హాలు వేడెక్కితే మామూలు గొట్టాల శ్రుతి పెరుగుతుంది, రీడ్ (గాలికి కంపించే సన్నని రేకు) ఉన్న గొట్టాలు వాటితో సమానంగా పెరగవు. రెండు వర్గాలూ విడిపోతాయి. శ్రుతి చేసే మనిషి మళ్లీ మళ్లీ రావాల్సిందే.

ఆ రోజు ఎవరో ప్రాక్టీసు చేస్తున్నారు. వేలు ఎత్తేశాక కూడా స్వరం కాసేపు పైకప్పు కింద తిరిగింది. నా కుడిచేతి గోరు దానంతటదే కదిలింది.

మన ఆర్గన్ సంగతి. పాత చర్చి పడగొట్టి కొత్త హాలు కట్టాక అందులోకి కీబోర్డు వచ్చింది, ఇది స్టోర్ రూముకి వెళ్లింది. ఆమధ్య మనవాడొకడు ఫోటో పంపాడు. పైన జవాబు పత్రాల కట్టలు, కింద తిత్తి తోలు ఎలుకలు కొరికేశాయి. చెక్క మాత్రం గట్టిగానే కనబడుతోంది. తోలు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. ఇత్తడి రీడ్లు అంత తేలిగ్గా పాడవవు. మన పాత విద్యార్థుల కలయిక రోజున అది బయటికి తీసి చూద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను. స్టోర్ రూము తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు కాస్త గ్రూపులో పెట్టండి.