కొబ్బరి లేని దీవులు, కొబ్బరి దీవులు

మా చిన్నాన్న అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో స్థిరపడి నలభై ఏళ్ళు కావస్తోంది. ఉద్దానం నుంచి చేపల వేటకని వెళ్ళినవాడు అక్కడే ఇల్లు కట్టుకుని, పెరట్లో ఆరు కొబ్బరిచెట్లు పెంచాడు. వాటి కింద కూర్చుని ఆయన నాతో అన్న ఒక మాట, ఆ దీవుల గురించి అప్పటివరకూ నేను చదివినదాన్నంతా తిరిగి చదివించింది. "ఒరే, ఈ అడివిలో ఎక్కడైనా కొబ్బరిచెట్టు అగుపడిందంటే, దాన్ని ఎవడో తెచ్చి పాతినాడన్నమాట" అన్నాడు. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన నాకు, సముద్రం ఒడ్డున ఉండి కొబ్బరి లేని నేల ఉంటుందన్న ఊహే లేదు.

ఆయన మాట నిజమే. 1858లో బ్రిటిష్‌వారు ఖైదీలను తెచ్చి దించడానికి ముందు అండమాన్ అడవుల్లో కొబ్బరి లేదు. అండమాన్‌లకు ఉత్తరాన కూతవేటు దూరంలో, నేడు మయన్మార్ అధీనంలో ఉన్న కోకో దీవులకు ఆ పేరు కొబ్బరి వల్లే వచ్చింది. దక్షిణాన నికోబార్ దీవుల్లో కొబ్బరే తిండి, కొబ్బరే సొమ్ము. నడుమనున్న అండమాన్‌లలో మాత్రం అది మొలవలేదు. అలలకు కొట్టుకొచ్చిన కాయ మొలకెత్తేలోగా మనుషులో అడవిపందులో తినేసి ఉంటాయని నా ఊహ. కారణం ఏదైనా, "అండమాన్ నికోబార్" అని మనం ఒక్క గుక్కలో పలికే పేరులో రెండు వేర్వేరు లోకాలున్నాయని నాకు మొదట చెప్పింది ఏ భూగోళ శాస్త్రమూ కాదు, ఆ చెట్టే.

భౌగోళికంగా చూస్తే ఇవి సముద్రంలో మునిగిన ఒక పర్వతశ్రేణి శిఖరాలు. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండలు సముద్రం కిందుగా సాగి సుమత్రా వైపు వెళ్ళే దారిలో, నీటిపైకి తేలిన భాగాలే ఈ దీవులు. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ 732 మీటర్లతో వీటన్నిటిలోకీ ఎత్తైనది. భూమి పైపొర ముక్కల్లో ఒకటైన భారత ఫలకం తూర్పు అంచు బర్మా ఫలకం కిందికి దూరే చోటు ఇదే కాబట్టి, ఇక్కడి నేల ఎన్నడూ పూర్తిగా కుదురుగా ఉండదు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉన్న బారెన్ దీవి దక్షిణాసియాలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక అగ్నిపర్వతం. 19వ శతాబ్దపు తొలినాళ్ళ తర్వాత చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్ళీ నిప్పులు కక్కింది. బారాటాంగ్‌లో బురద అగ్నిపర్వతాలున్నాయి. పర్యాటకులు వాటిని చూసి "ఇంతేనా" అని పెదవి విరుస్తారు, నేనూ విరిచాను.

మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం అడవే. రెండు రుతుపవనాలూ తడపడం వల్ల ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అయినా చెప్పుకోదగ్గ నదులు కొన్నే, తక్కినవన్నీ వాగులే. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులకు పైగా పట్టే ఈ ప్రయాణం ముగిసేసరికి మనిషి భారతదేశపు గడియారాన్ని చేతికి పెట్టుకుని బర్మా సూర్యుడి కింద నిలబడతాడు. శీతకాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి. పటం మీద ఇంకొంచెం కిందికి వెళితే, లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ మధ్య దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున 10 డిగ్రీల ఛానల్ కనిపిస్తుంది. పదో అక్షాంశం వెంబడి ఉన్నందుకు ఆ పేరు. ఈ నీటిపాయకు ఇవతల ఉన్నవారి భాషకూ అవతల ఉన్నవారి భాషకూ చుట్టరికం లేదు.

ఇవతలివైపు, అంటే అండమాన్‌లలో, ఆదివాసులు నాలుగు సమూహాలు: గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జరవాలు, సెంటినలీలు. వీరిది వ్యవసాయం ఎరగని జీవితం. అడవిపంది, చేప, తాబేలు, తేనె, దుంపలు వీరి ఆహారం. బ్రిటిష్‌వారు వేటకోసమని తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు ఇప్పుడు అడవిలో విపరీతంగా పెరిగాయి గానీ, జరవాలు సంప్రదాయంగా వాటి జోలికి పోరు. పందిని ఇష్టంగా తినే మనిషి ఎదురుగా మేస్తున్న దుప్పిని వదిలేయడం మనకు వింతగా తోచవచ్చు. అయితే తాతలనాడు లేని జంతువు తిండి ఎలా అవుతుందన్నది వారి వైపు నుంచి సబబైన ప్రశ్నే.

గ్రేట్ అండమానీల కథ చెప్పడం కష్టం. 19వ శతాబ్దం మధ్యలో పది తెగలుగా వేలల్లో ఉన్నవారు. 1859 మేలో పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ వద్ద విల్లంబులతో తుపాకులను ఎదిరించి ఓడిపోయారు. వారిని నిజంగా ఓడించింది మాత్రం ఆ తర్వాత వచ్చిన పరాయి రోగాలే. వారిని మచ్చిక చేసుకోవడానికని బ్రిటిష్‌వారు పెట్టిన "అండమాన్ హోమ్" రోగాలకు పుట్టిల్లయింది. 1877లో తట్టు వారిని ఊడ్చేసింది. 1961 జనాభా లెక్కలనాటికి మిగిలింది 19 మంది. తరువాత వారిని స్ట్రెయిట్ దీవిలో ఉంచారు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించడంతో వారి భాషల్లో ఒకటైన బో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఈ భాషలను నమోదుచేసిన అన్వితా అబ్బీ వాటి వ్యాకరణం మొత్తం మనిషి శరీరభాగాల చుట్టూ అల్లుకుని ఉందని చూపారు. ఒక వస్తువు గురించో పని గురించో చెప్పాలంటే అది నోటికి చెందినదా, చేతికి చెందినదా, లోపలి అవయవాలకు చెందినదా అన్నది మాటలోనే తెలియాలి. తన మాటకు బదులు పలికే మనిషి లేక బోవా చివరి ఏళ్ళలో పక్షులతో మాట్లాడేదట.

జరవాల అడవిని చీల్చుకుంటూ అండమాన్ ట్రంక్ రోడ్డు వెళుతుంది. వారు 1997 చివరి నుంచి బయటివారి దగ్గరకు రావడం మొదలుపెట్టారు, 1999లో తట్టు వారినీ తాకింది. ఆ రోడ్డులో జరవా రిజర్వు గుండా వెళ్ళే భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. నేను బారాటాంగ్ వెళ్ళింది ఆ రోడ్డు మీదే, వరుస కట్టిన వాహనాల్లో ఒకటిగా. కెమెరాలు లోపల పెట్టమని హెచ్చరించిన డ్రైవరే దారి పొడవునా "అటు చూడండి, ఇటు చూడండి" అంటూనే ఉన్నాడు. వెళ్ళకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

కొబ్బరి మళ్ళీ కథలోకి వచ్చేది ఉత్తర సెంటినల్ దగ్గర. ఆ దీవివారితో స్నేహం చేసుకోవాలని ప్రభుత్వ బృందాలు ఏళ్ళ తరబడి పడవల్లో వెళ్ళి ఒడ్డున కానుకలు వదిలివచ్చేవి. వాటిలో వారు ఇష్టంగా తీసుకున్నది కొబ్బరికాయలనే, ఎందుకంటే అవి వారి దీవిలో పండవు. 1991 జనవరి 4న మానవ శాస్త్రవేత్త మధుమాలా ఛటోపాధ్యాయ ఉన్న బృందం నీళ్ళలో కాయలు వదులుతుంటే, సెంటినలీలు లోతు నీటిలోకి నడిచి వచ్చి అందుకున్నారు. అంతకు పదేళ్ళ ముందు, 1981లో, ప్రిమ్‌రోజ్ అనే సరుకు ఓడ ఆ దీవి పగడపు దిబ్బల మీద చిక్కుకుపోయింది. దాని ఇనుము వారి బాణాల ములుకులుగా మారింది. బయటి ప్రపంచం నుంచి వారు కోరుకున్నవి కొబ్బరీ ఇనుమూ మాత్రమే, మనుషులను కాదు. 1990లలోనే ఈ కానుకల యాత్రలు ఆగిపోయాయి. 2018లో మతప్రచారానికి వెళ్ళిన అమెరికన్ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నప్పుడు మన టీవీ చానళ్ళు వారిని "రాతియుగపు మనుషులు" అన్నాయి. ఓడ ఇనుమును సాగగొట్టి ములుకు చేసుకునేవారిది రాతియుగం ఎలా అవుతుందో ఆ చానళ్ళే చెప్పాలి.

ఇక ఛానల్ దాటితే లెక్క తలకిందులవుతుంది. 7వ శతాబ్దంలో సుమత్రా నుంచి మన తీరానికి వస్తున్న చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్, దారిలో ఒక దీవి దగ్గర ఓడ ఆగగానే బట్టలు లేని మనుషులు చిన్న పడవల్లో కొబ్బరికాయలూ అరటిపళ్ళూ తెచ్చి ఇనుముకు మార్చుకున్నారని రాశాడు. అది నికోబార్ అని పండితుల అభిప్రాయం. అంటే ఒకవైపు కొబ్బరి కావాలనేవారు, మరోవైపు కొబ్బరి అమ్మేవారు, ఇద్దరికీ కావలసింది ఇనుమే. చోళుల తంజావూరు శాసనంలో రాజేంద్రుడు జయించిన చోట్లలో మానక్కవారం, అంటే నికోబార్, ఒకటి. 1756లో డెన్మార్క్‌వారు వచ్చి జెండా పాతారు, జ్వరాలతో చచ్చి పోయారు, మళ్ళీ వచ్చారు, చివరికి 1868లో హక్కులను బ్రిటిష్‌వారికి అమ్ముకున్నారు.

నికోబారీలు తోటలు వేస్తారు, పందులను పెంచుతారు, హోడీ అనే పక్కదూలం పడవల్లో దీవి నుంచి దీవికి వెళతారు. మా ఊళ్ళో కంచెలకు వాడే మొగలి జాతికే చెందిన ఒక చెట్టు పండును ఉడికించి, గుజ్జు తీసి రొట్టెలా తింటారు. ఎనిమిది చదరపు కిలోమీటర్లున్న చౌరా దీవి స్త్రీలు చేసే కుండలు ఒకప్పుడు దీవులన్నిటికీ వెళ్ళేవి, వాటికి మట్టి మాత్రం పొరుగున ఉన్న తెరెస్సా నుంచి రావాలి. కార్ నికోబార్‌లో భూమీ కొబ్బరిచెట్లూ వ్యక్తులవి కావు, "తుహెత్" అనే పెద్ద ఉమ్మడి కుటుంబానివి. గ్రేట్ నికోబార్ లోపలి అడవిలో ఉండే షోంపెన్‌లది మళ్ళీ వేరే దారి, వారు బయటకు వచ్చేది తక్కువ.

నన్ను నిజంగా కుదిపిన సంగతి వేరే ఉంది. నికోబారీల భాష ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. మా వైపు సీతంపేట కొండల్లో సవరలు మాట్లాడే భాషదీ అదే కుటుంబం. గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ళ తరబడి కృషిచేసి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన ఆ సవర భాషకు, ఎంత దూరపు వరసైనా, బంగాళాఖాతానికి అవతల చుట్టాలున్నారు. 150 కిలోమీటర్ల పాయకు అటూ ఇటూ ఉన్నవారికి లేని చుట్టరికం, 1,200 కిలోమీటర్ల సముద్రానికి అటూ ఇటూ ఉందన్నమాట. జన్యువులూ ఈ తేడానే చెప్పాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఓంగీలూ గ్రేట్ అండమానీలూ పదుల వేల ఏళ్ళుగా విడిగా ఉన్న పాత వంశాలకు చెందినవారు. నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియా నుంచి అంతకంటే చాలా ఆలస్యంగా వచ్చినవారు.

తరువాత వచ్చినవారంతా ఓడలమీద వచ్చారు, వారిలో చాలామంది తమ ఇష్టంతో రాలేదు: రంప పితూరీ ఖైదీలు, మలబారు మాప్పిళ్ళలు, బర్మా నుంచి కరెన్‌లు, రాంచీ కూలీలు, తూర్పు బెంగాల్ శరణార్థులు. 2011 లెక్కల్లో 3,80,581 మంది జనాభాలో నూటికి 13 మంది దాకా తెలుగువారే. జంగ్లీఘాట్‌లో తెల్లవారుజామున చేపల బేరం శ్రీకాకుళం యాసలోనే వినిపిస్తుంది. పెరళ్ళలో కొబ్బరి వేసింది వీరందరూనూ.

2004 డిసెంబర్ 26న ఫలకం కదిలినప్పుడు ఆ నేల రెండు విధాలుగా ప్రవర్తించింది. ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డు పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ నీటిలో నిలిచింది. సముద్రం వెనక్కి తగ్గడం చూసి ఓంగీలు గట్టు ఎక్కి బతికారు. బల్లపరుపుగా ఉన్న కార్ నికోబార్‌లో తీరం వెంబడి ఊళ్ళూ తోటలూ కలిసి కొట్టుకుపోయాయి. దీవులన్నిటా 3,000 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. తరువాత ప్రభుత్వం మొగుడూ పెళ్ళాం పిల్లల లెక్కన వేర్వేరు ఇళ్ళు కట్టించడంతో, అల తెంపకుండా వదిలిన తుహెత్‌లను పునరావాసం తెంపింది.

గ్రేట్ నికోబార్ పడమటి తీరపు ఊళ్ళవారిని కాంప్‌బెల్ బే దగ్గరి శిబిరాలకు తరలించారు. తమ పాత ఊళ్ళకు తిరిగి వెళ్ళనివ్వమని వారు అడుగుతూనే ఉన్నారు. ఈలోగా అదే దీవిలో గలథియా వద్ద పెద్ద ఓడరేవుకూ, విమానాశ్రయానికీ, పట్టణానికీ అడవిలో 130 చదరపు కిలోమీటర్లు కేటాయించారు. 2018లో తిత్లీ తుఫానుకు కూలిన మా ఉద్దానం చెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. పడమటి తీరంవారు అడుగుతున్నదీ తమ నేలమీద మళ్ళీ కొబ్బరి నాటుకోవడానికే.